మరియమాత స్తంభం ఎవరి ఓటమికి గుర్తు?

ప్రాగ్ ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లోని మరియమాత స్తంభం గురించి ఊళ్ళో రెండు కథలు నడుస్తున్నాయి. 1620లో బీలా హొరా యుద్ధంలో చెక్ ప్రొటెస్టెంట్లు ఓడిపోయాక, ఆ ఓటమి జనం కళ్ళ ముందు నుంచి చెరిగిపోకుండా హాబ్స్‌బర్గ్ చక్రవర్తి దాన్ని కట్టించాడన్నది మొదటి కథ. 1648లో ఓల్డ్ టౌన్ స్వీడన్ సైన్యానికి చిక్కకుండా బయటపడినందుకు మొక్కుగా వెలిసిందన్నది రెండోది. 1918లో స్తంభాన్ని కూల్చినవాళ్ళు మొదటిదాన్ని నమ్మారు, 2020లో మళ్ళీ నిలబెట్టినవాళ్ళు రెండోదాన్ని. స్క్వేర్‌లో గొడుగు పైకెత్తి గుంపుల్ని తిప్పే గైడ్లు ఈనాటికీ మొదటిదే చెబుతుంటారు. తారీఖులు మాత్రం వాళ్ళ వైపు లేవు.

ఈ తగవుకు మూలం నాలుగో చార్లెస్ కట్టిన నగరంలోనే ఉంది. 1348లో విశ్వవిద్యాలయం, అదే ఏడాది న్యూ టౌన్, 1357లో వ్ల్తావా నది మీద రాతి వంతెన: చక్రవర్తి తన రాజధానికి ఇచ్చినవి ఇవి. ఆ విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పిన యాన్ హుస్ చర్చి అవినీతిని ఎండగట్టి 1415లో కాన్‌స్టాన్స్‌లో సజీవ దహనానికి గురయ్యాడు. ఆయన అనుచరులు ప్రార్థనలో రొట్టెతో పాటు ద్రాక్షారసం కూడా భక్తులందరికీ అందాలన్నారు. అందుకే పానపాత్ర వాళ్ళ చిహ్నమైంది. వాళ్ళ రాజు పోదెబ్రాదీ యిర్జీ హయాంలో స్క్వేర్ మీదికి తొంగిచూసే టీన్ చర్చి ముఖాన బంగారు పానపాత్ర వెలిసింది. బీలా హొరా తర్వాత దాన్ని దించి, కరిగించి, ఆ బంగారాన్ని అక్కడే పెట్టిన మరియమాత బొమ్మకు వాడారని చెబుతారు. స్తంభం మీద పడిన నిందలో సగం నిజానికి టీన్ చర్చి ముఖం మీది ఈ మరియమాతకు చెందాల్సింది.

హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో రుడాల్ఫ్ 1583లో దర్బారును వియన్నా నుంచి ఇక్కడికి మార్చాడు. ఆర్చింబోల్డో బొమ్మలు, స్ప్రాంగర్ చిత్రాలు, ఆద్రియాన్ డి వ్రీస్ కంచు విగ్రహాలు కోటలో పోగయ్యాయి. టీకో బ్రాహే, కెప్లర్ ఆకాశాన్ని లెక్కగట్టారు. బ్రాహే సమాధి టీన్ చర్చిలోనే ఉంది. 1618 మే 23న అదే కోట కిటికీలోంచి ప్రొటెస్టెంట్ ప్రభువులు చక్రవర్తి ప్రతినిధుల్ని బయటికి విసిరేయడంతో ముప్పై ఏళ్ళ యుద్ధం అంటుకుంది. 1620 నవంబరు 8న, ఇప్పుడు 22వ నంబరు ట్రామ్ ఆఖరి స్టాపు ఉన్న బీలా హొరా దగ్గర, చెక్ సైన్యం చిత్తయింది. 1621 జూన్ 21న తిరుగుబాటు పెద్దలు 27 మందిని స్క్వేర్‌లో చంపారు. వాళ్ళలో ముగ్గురు ప్రభువులు, ఏడుగురు నైట్లు, పదిహేడు మంది పుర ప్రముఖులు. వాళ్ళకు గుర్తుగా టౌన్ హాలు పక్కన నేలలో 27 తెల్ల శిలువలు పరిచి ఉన్నాయి. పన్నెండు తలలు వంతెన ఓల్డ్ టౌన్ బురుజుకు పదేళ్ళ పాటు వేలాడాయి.

ఇంతవరకు మొదటి కథకు తిరుగు లేదు. అయితే బీలా హొరాకూ స్తంభానికీ మధ్య ముప్పై ఏళ్ళ ఎడం ఉంది. ఆ ఎడంలో జరిగినదాన్ని దాటేసే రచయితలు 1648 వేసవిని ఒక్క వాక్యంలో ముగిస్తారు.

ఆ ఏడాది జూలై 26 రాత్రి స్వీడన్ సేనాని కొనిగ్స్‌మార్క్ కోట వైపు గట్టున ఉన్న మలా స్ట్రానా పేటనూ కోటనూ పట్టుకున్నాడు. దోపిడీ మామూలుగా సాగలేదు. రుడాల్ఫ్ సేకరణలో మిగిలినదంతా పడవలకెక్కింది. పండ్లూ కూరగాయలూ పేర్చి ఆర్చింబోల్డో గీసిన రుడాల్ఫ్ ముఖచిత్రం నేడు స్వీడన్‌లోని స్కూక్లోస్టర్ కోటలో ఉంది. వాలెన్‌స్టైన్ తోటలోని డి వ్రీస్ విగ్రహాలు డ్రాట్నింగ్‌హోమ్‌కు, మహాగ్రంథం కోడెక్స్ గిగాస్ స్టాక్‌హోమ్ జాతీయ గ్రంథాలయానికి చేరాయి. వాలెన్‌స్టైన్ తోటలో ఈనాడు కనిపించేవి నకళ్ళు. ఇంత పోగొట్టుకున్న ఊరు ఆ నష్టం గురించి గొణగడమే తప్ప గట్టిగా అడిగింది లేదు.

స్వీడన్ సైన్యం నది దాటలేకపోయింది. వంతెనను కాచినది పుర జనం, విద్యార్థులు, వాళ్ళను నడిపిన జెస్యూట్ గురువు యిర్జీ ప్లాఖీ. యూదుల పేట వాళ్ళు కూడా కాపుదలలో పాలుపంచుకున్నారు. అక్టోబరులో వెస్ట్‌ఫాలియా సంధి కుదిరింది. కబురు ఇక్కడికి చేరేదాకా పోరు ఆగలేదు. ముప్పై ఏళ్ళ యుద్ధం ప్రాగ్ కోటలో మొదలై ప్రాగ్ వంతెన మీదే ముగిసింది. పేటర్ పార్లర్ కట్టిన వంతెన బురుజును తూర్పు నుంచి చూస్తే రాజుల, సాధువుల విగ్రహాలు చెక్కు చెదరకుండా ఉంటాయి. పడమటి ముఖం బోడిగా ఉంటుంది, స్వీడన్ ఫిరంగులు అక్కడి శిల్పాలను రాల్చేశాయి.

ఆ బోడి గోడకున్న లాటిన్ ఫలకాన్ని ఆగి చదివేవాళ్ళు తక్కువ. బాటసారీ, నువ్వు ఇష్టపడి కాసేపు ఇక్కడ ఆగు, ఎంతో దోచుకున్న గోతుల, వాండలుల ఉన్మాదం ఇష్టం లేకపోయినా ఇక్కడే ఆగాల్సి వచ్చింది అని దాని తాత్పర్యం. స్వీడన్ రాజులు తమను గోతులకూ వాండలులకూ రాజులమని చెప్పుకునేవారు కాబట్టి ఆ ఎత్తిపొడుపు ఎవరికో సందేహం లేదు. ఆనాటి నగరం తన శత్రువుగా ఎవరిని చూసిందో ఈ రాయి చెబుతోంది. అందులో బీలా హొరా ఊసే లేదు.

స్తంభం పని 1650లో మొదలైంది, 1652లో ప్రతిష్ఠ జరిగింది. కట్టించినవాడు చక్రవర్తి మూడో ఫెర్డినాండ్, శిల్పి యాన్ యిర్జీ బెండ్ల్. నమూనా కొత్తది కాదు. మ్యూనిక్‌లో 1638లో ఒకటి లేచింది. వియన్నాలోని ఆమ్ హోఫ్‌లో ఇదే ఫెర్డినాండ్, స్వీడన్ సైన్యం తన రాజధానిని బెదిరించి వెనుదిరిగాక, మరొకటి నిలబెట్టాడు. ప్రాగ్‌ది ఆ వరసలోనిదే. పదిహేను మీటర్లు దాటిన ఎత్తున మరియమాత, కింద నాలుగు మూలలా దయ్యాలను అణగదొక్కే నలుగురు దేవదూతలు, పీఠంలో రినెత్స్కా మరియమాత అనే గోథిక్ చిత్రం. బొహీమియా బరోక్ శిల్పానికి బెండ్ల్‌తోనే దారి పడింది. వంతెన మీద నేడు లోకమంతా ఫొటోలు తీసుకునే విగ్రహాల వరస ఆ తర్వాతది. స్తంభానికి ఇంకో కొలువు కూడా ఉండేది. సరిగ్గా మిట్టమధ్యాహ్నం దాని నీడ నేల మీది గీత మీద పడేది, ప్రాగ్ సమయాన్ని దాన్ని బట్టే దిద్దుకునేవారు.

మొదటి కథలో పిసరంత నిజం లేకపోలేదు. ఆ దేవదూతల కాళ్ళ కింద నలిగేవాటిలో మతద్రోహం కూడా ఉందని 17వ శతాబ్దపు క్యాథలిక్కు ఎవరైనా వేరే చెప్పకుండానే గ్రహించేవాడు. బలవంతపు మతమార్పిడి సాగుతున్న రోజులవి. అంత మాత్రాన ఇది బీలా హొరా విజయస్తంభం అయిపోదు. అలా అనడం వల్ల ఎక్కువ అన్యాయం జరిగేది హాబ్స్‌బర్గులకు కాదు, మూడు నెలలు వంతెన మీద నిలబడ్డ ఓల్డ్ టౌన్ దుకాణదారులకూ విద్యార్థులకూ. వాళ్ళ మొక్కును చక్రవర్తి ఖాతాలో జమకట్టినవి 19వ శతాబ్దపు పుస్తకాలు.

స్వయంగా ప్రొటెస్టెంటైన చరిత్రకారుడు పలాత్స్కీ తన బృహత్ చరిత్రలో హుస్ యుగాన్ని జాతి శిఖరంగా నిలిపాడు. నవలాకారుడు యిరాసెక్ 1915 నాటి నవల బీలా హొరా తర్వాతి కాలానికి చీకటి అనే పేరే పెట్టింది. ఇలాంటి పుస్తకాలు చదివిన తరానికి స్తంభం కంట్లో నలుసైంది. స్క్వేర్‌లో 1903లో హుస్ స్మారకానికి పునాదిరాయి పడింది. లాదిస్లావ్ షలోన్ చెక్కిన ఆ బృహద్విగ్రహం హుస్ మరణించి అయిదు వందల ఏళ్ళు నిండిన 1915 జూలై 6న, యుద్ధ కాలపు ఆంక్షల వల్ల ఉత్సవం లేకుండానే బయటపడింది. మూడేళ్ళు హుస్, మరియమాత ఒకే స్క్వేర్‌లో నిలిచారు.

1918 అక్టోబరు 28న చెకోస్లొవేకియా స్వతంత్రమైంది. ఆరో రోజున, నవంబరు 3న, బీలా హొరా సభ నుంచి తిరిగొస్తున్న జనంతో జిజ్కోవ్ పేట వాసి ఫ్రాంటా సవుఎర్ చేయి కలిపాడు. ఇతను రచయిత యరోస్లావ్ హాషెక్‌కు సావాసగాడు. సైనికుడు ష్వేయిక్ కథ మొదట విడి భాగాలుగా అచ్చయినప్పుడు అందులో ఇతని చేయి కూడా ఉంది. జిజ్కోవ్ అగ్నిమాపక సిబ్బంది తాడూ నిచ్చెనా తెచ్చారు. బెండ్ల్ మరియమాత ముక్కలైంది. హాబ్స్‌బర్గులు అప్పటికే పోయారు కాబట్టి దెబ్బ తగిలింది శిల్పానికే. యోసెఫ్ పెకార్ లాంటి చరిత్రకారులు బరోక్ యుగమంతా చీకటి కాదని వాదించినా, కొత్త గణతంత్రం వినే మనఃస్థితిలో లేదు.

తర్వాతి పాలనలూ ఈ పద్ధతినే పట్టాయి.  1955లో పరీజ్‌స్కా వీధి కొసన, నది అవతల లెత్నా గట్టు మీద లేచిన స్టాలిన్ శిల్పాన్ని 1962లో డైనమైట్‌తో పేల్చేశారు. దాన్ని చెక్కిన ఒటాకర్ ష్వెత్స్ ఆవిష్కరణకు ముందే ప్రాణం తీసుకున్నాడు. సోవియట్ మార్షల్ కోనెవ్ విగ్రహాన్ని 2020 ఏప్రిల్‌లో దించారు. రెండు నెలలు తిరగగానే మరియమాత తిరిగొచ్చింది.

పునరుద్ధరణ కోరే సంఘం 1990 నుంచి ఉంది. నగర సభ ఒకసారి కాదని, 2020 జనవరిలో అవునంది. శిల్పి పెత్ర్ వాన్యా ఏళ్ళ తరబడి చెక్కిన ప్రతి జూన్ 4న పీఠమెక్కింది. ఆగస్టు 15న కార్డినల్ దుకా ఆశీర్వదించాడు. నీడ మళ్ళీ గీత మీద పడుతోంది, మధ్య యూరప్ గడియారం కంటే సగటున రెండు నిమిషాలు ఆలస్యంగా. ఇదే స్క్వేర్‌లో 1590లలో కట్టి 1860లలో పడగొట్టిన క్రోసీన్ ఫౌంటెన్ అనే రెనసాన్స్ కళాఖండం కోసం మాత్రం ఇంత గొడవ జరగలేదు. దానికి మతమూ లేదు, పార్టీ కూడా లేదు.

స్క్వేర్‌లో ఉన్నది వాన్యా పని. బెండ్ల్ ఉలి దెబ్బ చూడాలంటే హోలెషోవిత్సే ప్రదర్శనశాలల ఆవరణలో ఉన్న జాతీయ మ్యూజియం లాపిడారియానికి వెళ్ళాలి. విరిగిన మరియమాత తల, క్రోసీన్ ఫౌంటెన్ ముక్కలు, 1919లో మలా స్ట్రానా నుంచి తొలగించిన హాబ్స్‌బర్గ్ సేనాని మార్షల్ రాదెత్స్కీ స్మారకం అక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి.