కాటన్ అనే ఇంటిపేరు: ఆనకట్ట నుంచి టీ తోట దాకా

ఈసారి పోస్టు కాస్త పొడుగే, తీరిగ్గా చదవండి.

మన దగ్గర ఇంటిపేరు చెబితే సగం సంగతి చెప్పినట్టే. కెస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం వాళ్లంటే మెస్రం వాళ్లే. ఏ ఊరి నుంచి వచ్చినా ఒకే పారి, ఏడు దేవుళ్ల సగ. వాళ్లలో వాళ్లకు పెళ్లి సంబంధాలు కుదరవు. కొత్త కోడళ్లను భేటింగ్ చేయించి నాగోబాకు చూపిస్తేనే వంశంలో కలిసినట్టు. కోయల్లో గట్టు అడిగి తెలుసుకున్నాకే వరస పెట్టి పిలుస్తారు. అందుకని ఇంగ్లీషు వాళ్ల పేర్లు చూసినప్పుడు కూడా మనకు అదే లెక్క తోస్తుంది. ఇద్దరి పేరు చివర ఒకటే మాట ఉంటే, 'వీళ్లు చుట్టాలేమో' అనుకుంటాం.

అక్కడ ఆ లెక్క పనిచేయదు. 'కాటన్' అనే ఒక్క పేరు తీసుకుని చూద్దాం. ఈ పేరు మనకు కొత్తది కాదు, గోదావరి జిల్లాల్లో ప్రతి సెంటర్లో విగ్రహమై గుర్రమ్మీద కూర్చుని ఉంటుంది.

ముందు ఒక విచిత్రం. ఈ ఇంటిపేరుకీ పత్తికీ సంబంధం లేదు. పత్తి అనే అర్థం ఉన్న కాటన్ అరబ్బీలోని 'ఖుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరేమో పాత ఇంగ్లీషులో గుడిసె అనే మాట నుంచి వచ్చింది. 'గుడిసెల దగ్గర' ఉండేవాళ్లు అని. ఇంగ్లాండులో కాటన్, కోటన్ అనే ఊళ్లు అక్కడక్కడా ఉన్నాయి, ఏ ఊరి నుంచి వలస పోయినా ఆ ఊరి పేరే ఇంటిపేరైపోయింది. అంటే మన భాషలో చెప్పాలంటే 'గూడెం వాళ్లు'. ఎన్ని గూడేలున్నాయో అన్ని వేరువేరు కుటుంబాలకు అదే పేరు.

సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) సంగతి బళ్లో చదివిందే. 1832–33లో కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టేసింది, డెల్టా కూడా చితికిపోయింది. కాటన్ కావేరి మీద పనులు చేసి, 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. డెల్టా రైతు ఆయన్ను దేవుడితో సమానం చేసుకున్నాడు. గోదావరి స్నానానికి వెళితే ఆయన పేరు తల్చుకునేవాళ్లు, పుష్కరాల్లో ఆయనకు పిండం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆకలి తీర్చినవాణ్ణి గుర్తుపెట్టుకోవడంలో తప్పేం లేదు.

కానీ కాటన్ కథ ధవళేశ్వరంతో అయిపోలేదు. ఏటికి ఎగువన మన ఏజెన్సీలోకి కూడా వచ్చింది. దీని గురించి పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి కనబడదు. ఆయనకు రైళ్ల కన్నా కాలవల మీద నమ్మకం ఎక్కువ. గోదావరిని సముద్రం నుంచి వార్ధా దాకా పడవల దారి చెయ్యాలన్నది ఆయన పథకం. ఎందుకు? బేరార్‌లో పండే పత్తిని కిందికి దించి ఓడలెక్కించడానికి. పత్తితో సంబంధం లేని పేరున్న మనిషి చివరికి పత్తి కోసమే నదిని తవ్వాలనుకున్నాడు చూడండి. దారికి అడ్డంగా మూడు చోట్ల రాళ్ల బారులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం, పైన ఇచ్చంపల్లి, ఆ పైన దేవల్‌మర్రి. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవలు దాటే కాలవ, లాకులు కట్టారు. ఆ పనులు చూసిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. 1860 ప్రాంతంలో అక్కడే కోయల కోసం మిషన్ మొదలవడానికి కారణం కూడా ఆయనే. తర్వాత ఆ మిషన్‌లో పనిచేసిన జాన్ కెయిన్ కోయల గురించి రాసిన విషయాలే థర్‌స్టన్ పుస్తకంలోకి ఎక్కాయి. ఈరోజు మన మీద ఎవరైనా థీసిస్ రాస్తే తిరిగి తిరిగి అక్కడికే వస్తారు. అంటే పత్తి పడవల కోసం వేసిన దారిలో మన గురించి మొదటి రాతలు కొన్ని పుట్టాయి. పడవల దారి మాత్రం ఖర్చు ఎక్కువై, రైలు వచ్చి, 1871లో మూలపడింది.

ఆయన్ను దేవుణ్ణీ చెయ్యక్కర్లేదు, దొంగనీ చెయ్యక్కర్లేదు అని మేము అనుకుంటున్నాం. 1879లో రంప ప్రాంతం తిరగబడింది కల్లు పన్నుల మీద, మన్సబ్‌దారు మీద, పోలీసుల జులుం మీద. అది కాటన్ ఖాతాలో వెయ్యలేం. అయితే ఒక్కటి నిజం. నదికి లెక్క కట్టినప్పుడు కింద తడిసే ఎకరాలు లెక్కలోకి వస్తాయి, పైన అడవిలో ఉన్న మనుషులు రారు. ఆ అలవాటు ఆయన నాటిది, పోలవరం దాకా పోలేదు. 2014లో ఖమ్మం జిల్లా ముంపు మండలాల్ని అటు కలిపినప్పుడు కొండరెడ్లనీ కోయలనీ ఎవరు అడిగారు?

ఇంకో చిన్న మాట. ఆర్థర్ కాటన్ కూతురు లేడీ హోప్ తండ్రి జీవితచరిత్ర రాసింది. డార్విన్ చివరి రోజుల్లో మనసు మార్చుకుని బైబిల్ వైపు తిరిగాడన్న కథ ప్రచారంలోకి వచ్చింది కూడా ఈవిడ వల్లే. డార్విన్ పిల్లలు అది అబద్ధమన్నారు.

మిగతా కాటన్లలో కొందర్ని గబగబా దాటేద్దాం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే తమ్ముళ్లకు 'కాటన్ అండ్ విల్కిన్‌సన్' పుస్తకం బరువు తెలుసు. ఆ కాటన్ అమెరికావాడు, ఆల్బర్ట్ కాటన్. హెన్రీ కాటన్ అనే గోల్ఫ్ ఆటగాడు బ్రిటిష్ ఓపెన్ మూడుసార్లు గెలిచాడు. బిల్లీ కాటన్ బ్యాండు బీబీసీ రేడియోలో ఏళ్ల తరబడి ఆదివారాలు మోగింది. వీళ్లెవరికీ ఒకరితో ఒకరికి సంబంధం లేదు.

సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఈయన పాత చేతిరాత పుస్తకాల పిచ్చివాడు. మఠాలు మూతపడి చెల్లాచెదురైన రాతప్రతుల్ని ఏరి ఇంట్లో దాచాడు. ఒక్కో బీరువా మీద ఒక్కో రోమన్ చక్రవర్తి బొమ్మ పెట్టాడు. ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఆ పుస్తకాల నంబర్లు ఆ చక్రవర్తుల పేర్లతోనే ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్ల అతి పాత కావ్యం 'బేవుల్ఫ్' మిగిలిందే ఈయన దగ్గరున్న ఒకే ఒక్క ప్రతిలో. 1731లో మంటలు లేచి ఆ ప్రతి అంచులు కాలిపోయాయి. ఇంకో పావుగంటైతే అదీ ఉండేది కాదేమో. మన గుంజాలలో గోండి లిపి ప్రతులు కూడా ఇలాగే ఇళ్లల్లో, మూటల్లో ఉండి బయటపడినవే. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. మీ ఇళ్లల్లో తాతల నాటి కాగితాలుంటే చిత్తు కింద అమ్మెయ్యొద్దు, ముందు ఫోటోలన్నా తీసి పెట్టండి.

ఇక సముద్రం దాటిన కాటన్లు. జాన్ కాటన్ అనే ప్యూరిటన్ మతగురువు 1633లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. ఆయన కొడుకు, అతని పేరూ జానే, వాంపనోగ్ ఆదివాసుల భాష నేర్చుకుని ఆ భాషలోనే బోధించాడు, ఆ భాషలో అచ్చయిన బైబిల్ సవరించడంలో పనిచేశాడు. మనవడు జోసయ్య కాటన్ ఆ భాష మాటల పట్టిక రాసిపెట్టాడు. వాళ్ల ఉద్దేశం మతం మార్చడమే, అందులో దాపరికం లేదు. భూమి పోయింది, యుద్ధాలు, రోగాలు వచ్చాయి, చివరికి ఆ భాష మాట్లాడే నోరే లేకుండా పోయింది. వంద ఏళ్లకు పైగా ఎవరూ మాట్లాడని ఆ భాషను 1993 నుంచి జెస్సీ లిటిల్ డో బెయర్డ్ అనే వాంపనోగ్ మహిళ, ఆమె జనం కలిసి మళ్లీ నిలబెడుతున్నారు. ఆ కాలపు బైబిల్, తమ పూర్వీకులు తమ భాషలో రాసుకున్న భూమి దస్తావేజులు, ఇవే వాళ్లకు ఆధారం. ఆమె కూతురు ఆ భాషను పుట్టినప్పటి నుంచి విని పెరిగింది. కొలామీ, కొండ భాష మాట్లాడే ఇళ్లవాళ్లు ఈ మాట ఇంకోసారి చదవండి.

ఆ పెద్ద జాన్ కాటన్ కూతురి కొడుకు కాటన్ మాథర్. తల్లి ఇంటిపేరునే పిల్లవాడికి సొంత పేరు చేశారు. సేలంలో మంత్రగత్తెలని మనుషుల్ని ఉరితీసిన రోజుల్లో ఆ విచారణల్ని సమర్థించిన మనిషి. అదే మనిషి 1721లో బోస్టన్‌లో మశూచి వచ్చినప్పుడు, పుండు రసాన్ని చర్మంలో ఎక్కిస్తే పెద్ద రోగం రాదని పట్టుబట్టి చెప్పాడు. అది ఆయన కనిపెట్టింది కాదు. ఆయన ఇంట్లో బానిసగా ఉన్న ఒక ఆఫ్రికా మనిషి, మా దేశంలో ఇలా చేస్తారని తన చేతి మీది మచ్చ చూపించాడు. ఆ ఊళ్లో 6 వేలమందికి దగ్గరగా రోగం సోకి 844 మంది పోయారు. బాయిల్‌స్టన్ అనే వైద్యుడు ఎక్కించిన 240 మందికి పైగా జనంలో పోయింది ఆరుగురు. ఆ ఆఫ్రికా మనిషిని ఓనెసిమస్ అని పిలిచేవారు. అది మాథర్ బైబిల్లోంచి తీసి పెట్టిన పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఈ పేర్లు పోవడం ఒక మనిషితో ఆగలేదు. అమెరికాలో 1850, 1860 జనగణనల్లో బానిసల్ని వయసు, ఆడా మగా, రంగు అని రాసుకున్నారు తప్ప పేర్లు రాయలేదు. 1865లో బానిసత్వం పోయాక, 1870లోనే వాళ్ల పేర్లు లెక్కకెక్కాయి. కొందరు పాత యజమాని ఇంటిపేరు పెట్టుకున్నారు, కొందరు తమకు నచ్చింది ఎంచుకున్నారు.

అలాంటి జనంలోంచి వచ్చినవాడు జేమ్స్ కాటన్ (1935–2017). మిసిసిపిలో ట్యూనికా దగ్గర పత్తి పొలాల మధ్య పుట్టాడు. తల్లి మౌత్ ఆర్గాన్‌తో రైలు కూత వినిపించేదట, ఆయనకు మొదటి పాఠం అదే. తొమ్మిదేళ్లకే తల్లీతండ్రీ పోయారు. సనీ బాయ్ విలియమ్‌సన్ అనే బ్లూస్ గురువు దగ్గర చేరి ఊదడం నేర్చాడు. 1954లో పత్తి పంట మీదే ఒక పాట రికార్డు చేశాడు. మడ్డీ వాటర్స్ బృందంలో పన్నెండేళ్లు ఊది, తర్వాత సొంత పేరుతో జేమ్స్ కాటన్ బ్యాండు కట్టాడు. 1997లో గ్రామీ వచ్చింది. ఇంకో సంగతి, కాటన్ మాథర్ పేరు పెట్టుకున్న రాక్ బ్యాండు ఒకటుంది. ఆ బ్యాండు పుట్టిందీ, జేమ్స్ కాటన్ కన్నుమూసిందీ ఒకే ఊళ్లో, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో.

ఎలిజబెత్ కాటన్ అనే ఆవిడ కూడా ఉంది. ఎడమచేతి వాటం కావడంతో గిటారు తిరగేసి పట్టుకుని వాయించేది. ముసలితనం దాకా ఇళ్లల్లో పనిచేసుకుని, 90 దాటాక గ్రామీ తీసుకుంది. ఇంగ్లీషులో ఆవిడ పేరు స్పెల్లింగు ఒక అక్షరం వేరు. తెలుగులో రాస్తే ఆ తేడా మాయం. మనకేమో దీనికి తిరకాసు జరుగుతుంది. భద్రాచలంలో మడకం, సుక్మాలో మడ్కం, మల్కన్‌గిరిలో మడ్కామి. ఒకే గట్టు వాళ్లు మూడు రాష్ట్రాల కాగితాల్లో ముగ్గురైపోతారు. కాటన్లు రక్తసంబంధం లేకపోయినా ఒకటిగా కనిపిస్తారు, మనం సంబంధం ఉన్నా వేరుగా కనిపిస్తాం. అటు నుంచి వలస వచ్చిన గుత్తికోయలు కులం సర్టిఫికెట్ కోసం పడే పాట్లు మనలో చాలామందికి తెలిసినవే.

చివరగా సర్ హెన్రీ కాటన్ (1845–1915). పుట్టింది కుంభకోణంలో. తరతరాలుగా ఇండియాలో ఉద్యోగాలు చేసిన కుటుంబం. తమ్ముడు జేమ్స్ ఇంపీరియల్ గెజిటీర్ సంపాదకుల్లో ఒకడు. హెన్రీ 1896 నుంచి 1902 దాకా అస్సాం చీఫ్ కమిషనర్. 1901లో గౌహతిలో ఆయన పేరుతో కాటన్ కాలేజీ తెరిచారు. అప్పటి అస్సాం టీ తోటల్లో కూలీలెవరు? ఛోటానాగ్‌పూర్ ముండాలు, ఒరాన్లు, సంతాల్ పరగణాల వాళ్లు, ఇటు గంజాం, విశాఖ వైపు నుంచి సవరలు, తెలుగు మాట్లాడే పేదలు. అర్కాటీలనే దళారులు ఆశ చూపి తోలుకుపోయేవారు. ఒప్పందం మధ్యలో తోట వదిలి పారిపోతే జైలు. 1865 చట్టం మగవాళ్లకు నెలకు 5 రూపాయలు, ఆడవాళ్లకు 4, పిల్లలకు 3 అని పెట్టింది. మూడు దశాబ్దాలు దాటినా కూలి పెద్దగా కదల్లేదు. హెన్రీ కాటన్ ఈ కూలి చాలదని, పెంచాలని గట్టిగా పట్టుబట్టాడు, తోటల్లో జరిగే దెబ్బలూ అన్యాయాలూ పైకి రాశాడు. తోట దొరలు, వాళ్ల పత్రికలు ఆయన మీద విరుచుకుపడ్డాయి. మొదట వెంట నిలిచిన వైస్రాయ్ కర్జన్ తర్వాత వెనక్కి తగ్గాడు, కూలి పెంపు వాయిదా పడింది. ఆయన 1902లో ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. 1904లో బొంబాయి కాంగ్రెస్ సభకు అధ్యక్షుడయ్యాడు. తెల్లదొరల్లో ఇలాంటి పేచీ పెట్టుకుని కెరీర్ పోగొట్టుకున్నవాళ్లు తక్కువే. మా లెక్కలో ఆర్థర్ కంటే ఈయనే పెద్దోడు, మీరు ఒప్పుకోకపోయినా సరే.

కాలేజీ 2017లో కాటన్ యూనివర్సిటీ అయింది. తోటల్లో ఆ కూలీల మునిమనవలున్నారు. జాతి పేరే అక్కడ ఇంటిపేరైపోయింది, ముండా, ఒరాన్, సవర అని. తెలంగా అని పిలిచే వర్గం కూడా ఉంది. శ్రీకాకుళం, మన్యం జిల్లాల్లో సవర పిల్లవాడు ఎస్టీ. అదే సవర అస్సాంలో ఎస్టీ జాబితాలో లేడు, ఓబీసీలో రాస్తారు. దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. తోట నుంచి ఒక సవర అమ్మాయి కాటన్ యూనివర్సిటీలో సీటుకి దరఖాస్తు పెడితే, ఇంటిపేరు దగ్గర 'సవర' అని రాసి, కింద ఓబీసీ గడిలో టిక్కు పెట్టాలి.