సంతరావూరు పొలము నుండి ఈతకల్లు కుండ వఱకు

వాన మొగము చాటువేసిన యేట అనంతపురపు వంకగట్లమీది ఈతచెట్లు సన్నగిల్లును. గీచినచోట కల్లు బొట్టుబొట్టుగా మాత్రమే దిగును. ఐనను అంగడిలోని కుండ తఱుగదు. నీళ్లు, సాకరీను, మత్తునకు నూఱిపోసిన ఆల్ప్రజోలం బిళ్లలు కలిసి కల్తీకల్లగును. ఆ బిళ్ల 1971 నాటి అంతర్జాతీయపు ఒడంబడిక పట్టికలోని దనియు, 5 గ్రాములు దాటినచో మన చట్టమున శిక్ష పెరుగు ననియు కుండయెదుట గొంతుకూర్చున్న కూలివానికి తెలియదు.

మన ప్రాంతమున ఈ బిళ్లకన్న ఎంతో మునుపే గంజాయిమీద సర్కారు అదుపుండెను. 1893లో ఆంగ్లప్రభుత్వము నియమించిన గంజాయి విచారణసంఘము 1,193 మంది సాక్షులను విచారించి, మితముగా సేవించువారికి చెప్పదగిన హాని లేదనియు, నిషేధముకన్న సుంకమును పరిమితమైన సాగును మేలనియు మఱుసటియేట తేల్చెను. ఆ పద్ధతిననే చెన్నరాజధానిలో లైసెన్సుసాగు ముఖ్యముగా చీరాల దాపునున్న సంతరావూరునకును, జవ్వాది కొండలకును పరిమితమయ్యెను. పోతుమొక్కలను పూతకు ముందే ఏఱి పెఱికినగాని పెంటిమొక్కకు జిగురుగల పూగుత్తి రాదు గనుక ప్రతిమొక్కమీదను ఒక కన్నుండెడిది. పండినది సర్కారు కొట్టునకు తూకముతో చేరెడిది. తులసివనములో గంజాయిమొక్క యని మనము నిందించుదానికి అక్కడ కావలి దక్కినది!

మత్తుపదార్థములపై అంతర్జాతీయపు అదుపునకై కూడిన షాంఘై (1909), హేగ్ (1912) సభలు ముఖ్యముగా నల్లమందును గూర్చినవి. గంజాయిని ఈజిప్టు పట్టుదలతో 1925లో జెనీవాయందు ఆ అదుపులో చేర్చిరి. 1961 ఒడంబడిక దాని మత్తువాడకమును మాన్పుటకు 25 యేండ్ల గడువు పెట్టెను. ఆకు నిర్వచనమున చేరలేదు గనుక ఆకుతో చేయు బంగు బ్రదికెను. పూగుత్తికి మాత్రము 1985 నవంబరు 14న అమలైన చట్టముతో తలుపులు మూసికొనెను. పైరు తరలినదే గాని తఱుగలేదు. మైదానమున తూచి అమ్మబడినది మన్యపుటడవిలో చాటుగా పెరిగి, మూటలై గుంతకల్లు జంక్షనుమీదుగా పోసాగెను. 2020లో వియన్నాయందు గంజాయిని 1961 ఒడంబడికలోని అతికఠినపు పట్టికనుండి 27–25 ఓట్లతో తొలగించినపుడు భారతదేశము తొలగింపునకే ఓటు వేసినది. మఱుసటియేడే ఆపరేషన్ పరివర్తన పేర విశాఖమన్యమున వేలయెకరములు నఱకబడినవి. ఏ చేయి ఏ చేతిని ఎఱుగునో!

సంతరావూరు కొట్టున తూకముండెను. కల్లుకుండలో ఎన్ని బిళ్లలు పడెనో అమ్మువాడును లెక్కింపడు. 2015లో తెలంగాణయందు కల్తీకల్లును ఒక్కమాఱుగా అరికట్టినపుడు, దానికి అలవడినవారు వణకుచు, మూర్ఛలు వచ్చి, లేనివారితో మాటలాడుచు వందలుగా ఆసుపత్రుల వాకిళ్లకు చేరిరి.