ధాత కరువు, దేవుని కనికరం

మత మార్పిడి నిరోధక చట్టాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక పాత ఆరోపణ మళ్లీ తలెత్తుతుంది: దళితులు కరువు కాలంలో గంజి కోసం క్రైస్తవులయ్యారని. శ్రమలన్నీ దేవుని సంకల్పమేనన్నది కొన్ని సంఘాల్లో వినిపించే జవాబు. ఆకలిని అనుభవించినవారిని ఈ రెండు పక్షాలూ అడిగినట్టు కనబడదు. ఒంగోలు ప్రాంతపు మాదిగల చరిత్ర చదివితే ఈ రెండు మాటలూ నిలబడవు.

1876లో వానలు కురవలేదు. ధాత నామ సంవత్సరపు కరువు మద్రాసు, బొంబాయి రాష్ట్రాలను, మైసూరు, హైదరాబాదు సంస్థానాలను కబళించింది. మృతుల సంఖ్య 50 లక్షలకు పైమాటేనని అంచనా. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు తీర్చి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించాడు. ధాన్యం ధరల్లో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్నది ఆయన విధానం, ఎగుమతులు ఆగలేదు. కరువు ఖర్చు తగ్గించేందుకు మద్రాసుకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునన్నాడు. ఈ టెంపులే 1874లో బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి ప్రాణాలు కాపాడి, దుబారా చేశాడన్న నింద మోశాడు. ఆ కూలి మనిషిని నిలబెట్టదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు.

ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడు. మిషన్ బోధకులే మేస్త్రీలయ్యారు. కూలీల్లో మాదిగలు అధికం. పగలు మట్టి మోసి, విరామంలో ఆ బోధకుల చెంతనే కూర్చునేవారు. భారం మోసి అలసినవారిని క్రీస్తు తన వద్దకు రమ్మన్న సువార్త వాక్యం మట్టితట్ట దించుకున్న మనిషికి ఎలా వినబడి ఉంటుందో వ్యాఖ్యానం అవసరం లేదు.

అయితే కరువు సహాయం సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. అడిగినవారిని ఆగమన్నాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడుతుందని ఆయనకు ముందే తెలుసు. సహాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. గంజి ఆగిన తరువాత వచ్చినవారిని గంజి కోసం వచ్చారనడం ఎలా? ఆకలికీ ఆ విశ్వాసానికీ సంబంధమే లేదనడం కూడా నిజం కాదు. తమను బతికించిన చేతుల్లోనే వారు దేవుణ్ణి చూశారు.

పైగా ఈ కథ కరువుతో మొదలు కాలేదు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మం పొంది, తన బంధువుల పల్లెలన్నీ తిరిగాడు. ఆ తొలి విశ్వాసులు చచ్చిన పశువుల మాంసం మానేశారు, జాతరలో డప్పు కొట్టమన్నారు, ఆదివారం వెట్టికి రామన్నారు. ఊరి పెత్తందార్లు వారికి పనులు ఆపారు, నీళ్లు అడ్డుకున్నారు. అంటే ఈ విశ్వాసం మొదట తెచ్చిపెట్టింది తిండిని కాదు, పస్తులను.

ఆ కాలపు రాతలు చాలావరకు మిషనరీలవే. మాదిగల మాటలు వాటిలో మరొకరి కలం గుండా వడపోసుకుని వస్తాయి; ఆ జాగ్రత్త తప్పదు. అయినా ఒక తేడా స్పష్టంగానే ఉంది. కరువును ప్రకృతి నియమంగా, మార్కెట్టు నియమంగా చూసిన లిట్టన్ యంత్రాంగానికి ఆ అర్థం చేతులు దులుపుకోవడానికి పనికివచ్చింది. అదే కరువులో దేవుని కనికరాన్ని చూసిన మాదిగకు ఆ అర్థం తలెత్తుకోవడానికి పనికివచ్చింది. తన బిడ్డ చావు దైవ సంకల్పమని తల్లి అనుకోవచ్చు. ఆ మాట గోదాము తాళం చేతిలో ఉన్న అధికారి అనరాదు. నేటి బోధకుల్లోనూ కొందరు ఈ గీతను చెరిపేస్తున్నారు, పాలకులకు అది సుఖంగానే ఉంది.

ఆ నదిలో మునిగి లేచినవారి వారసులను 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల జాబితాకు వెలుపలే ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వును సవరించారు. వెల్లంపల్లి పక్కన పల్లెల్లో క్రైస్తవ మాదిగలు ఇప్పటికీ ఆదివారం ఒక పేరుతో, మండల కార్యాలయంలో మరో పేరుతో ఉంటే, ఆ రెండో పేరును మోసమని పిలిచేవారు ముందుగా ఆ ఉత్తర్వు చదవాలి.