హైదరాబాద్ వాననీటి పారుదల వ్యవస్థ

హైదరాబాద్‌లో కురిసిన వానను పట్టి నిలిపి, మిగిలినదాన్ని మూసీ నదికి చేర్చే చెరువులు, నాలాలు, జలాశయాలు, రోడ్డు పక్క కాలువలు కలిస్తే నగర వాననీటి పారుదల వ్యవస్థ. దీనిలో పాత భాగం చాలావరకు నగరం కోసం కట్టింది కాదు, వ్యవసాయం కోసం కట్టింది. దక్కన్ నేల రాతినేల. వాన పెద్దగా ఇంకదు, వాలు వెంట పారిపోతుంది. అందుకే పల్లాలకు అడ్డంగా కట్టలు పోసి, పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టు చెరువులు కట్టారు. మూసీ ఉపనది మీద 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తయారైన హుస్సేన్ సాగర్ కూడా అలాంటి గొలుసులో చివరి పెద్ద కొలికే. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు దానిలో కలుస్తాయి. మిగులు నీరు అశోక్‌నగర్, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా మూసీలో పడుతుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో వేలాది మంది చనిపోయారు. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగడంతో ప్రవాహం ఉధృతమైంది. గొలుసులో పై చెరువు తెగితే కిందివాటికీ గండమే. నిజాం ప్రభుత్వం పిలుపుపై 1909లో వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువనే వరదను ఆపాలని సూచించారు. అందుకోసం కట్టిన జలాశయాల్లో ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇవాళ జనం వీటిని మంచినీటి చెరువులుగానే చూస్తారు గానీ, వాటి పుట్టుకకు కారణం వరదే.

నగరం లోపల కాలువ ఎంత వెడల్పు ఉండాలో లెక్కకట్టడానికి ఇంజనీర్లు చూసేవి మూడు: వాన తీవ్రత, నీరు వచ్చే నేల విస్తీర్ణం, పడ్డ వానలో పారే వంతు. గంటకు 60 మిల్లీమీటర్ల వాన ఒక హెక్టారు మీద కురిసిందనుకుందాం. అందులో 30 శాతమే పారే తోట నుంచి సెకనుకు 50 లీటర్లు వస్తే, 90 శాతం పారే కాంక్రీటు కాలనీ నుంచి 150 లీటర్లు వస్తాయి. వాన పెరగలేదు, ఆకాశాన్ని తప్పుపట్టే పని లేదు. నీరు మాత్రం మూడింతలైంది. పైగా అది త్వరగా వచ్చి పడుతుంది.

దీనికి తోడు చెరువుల వాడకమే మారింది. ఆయకట్టు ఉన్న రోజుల్లో తూముల ద్వారా నీరు పొలాలకు పోయి, వేసవి నాటికి చెరువు అడుగంటేది. కొత్త వానకు చోటు ఉండేది. ఇప్పుడు పొలాలు లేవు. మురుగునీరు ఏడాది పొడవునా వచ్చి చేరుతుంటే చెరువు నిండుగానే ఉంటుంది. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. అదే వాన రోజుల్లో గుర్రం చెరువు, పల్లె చెరువు, అప్పా చెరువు కట్టలు తెగి దిగువ కాలనీలు మునిగాయి.

అంతకు ముందు 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు కురిసినప్పుడు నాలాల సర్వే మొదలైంది. కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ 2003లో నివేదిక ఇచ్చింది. నాలాలను వెడల్పు చేసే పనులు మాత్రం ఏళ్ల తరబడి నడిచాయి. 2020 వరదల తర్వాత ప్రభుత్వం నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకం చేపట్టింది. నాలాను విస్తరించడం అవసరమే. కానీ ఎగువన నిలిపే చోటు లేకుండా విస్తరిస్తే, ముంపు ఒక బస్తీ నుంచి ఇంకో బస్తీకి మారుతుంది, అంతే.

2012 భవన నియమావళి ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. 10 మీటర్ల కంటే సన్నని నాలాలకు వదలాల్సింది 2 మీటర్లే. అంత జాగాలో పూడిక తీసే జేసీబీ కూడా దిగదు. చెరువులను కలిపేవి ఈ సన్న నాలాలే. నియమాల్లో తక్కువ రక్షణ వాటికే దక్కింది.

నిర్వహణ ఒక చేతిలో లేదు. రోడ్డు కాలువలు, నాలాలు మున్సిపల్ కార్పొరేషన్‌వి. మురుగు పైపులు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాలు నగర మంచినీటి, మురుగునీటి బోర్డు అయిన జలమండలివి. చెరువుల బాధ్యత నీటిపారుదల, రెవెన్యూ శాఖలు, మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మధ్య ఉంది. ఆక్రమణల తొలగింపు, విపత్తు స్పందన కోసం 2024 జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. వానాకాలంలో ఉస్మాన్ సాగర్ మట్టం 1,790 అడుగులకు, హిమాయత్ సాగర్ మట్టం 1,763.5 అడుగులకు చేరువైతే జలమండలి గేట్లు ఎత్తుతుంది. నీరు వదిలే ముందే పోలీసులకు, మూసీ ఒడ్డు బస్తీలకు కబురు వెళ్లాలి. నీరు ఎక్కువగా వదిలిన రోజుల్లో మూసారాంబాగ్ దగ్గరి పాత వంతెన మునిగేది. దానిపై రాకపోకలు ఆపేవారు.