హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. సినిమాల్లో మాత్రం ఒక్కోసారి కొత్తే రోత పుట్టిస్తుంది. ముఖ్యంగా "నేను కొత్త సుమా, కాస్త చూడండి!" అని రీలు రీలుకీ జ్ఞాపకం చేస్తుంటే. అమెరికాలో 2004లో వచ్చిన 'గార్డెన్ స్టేట్' అనే ప్రేమకథ చూసినప్పుడు నాకు సరిగ్గా ఇలాగే అనిపించింది. అక్కడి కుర్రకారు నెత్తిన పెట్టుకున్న సినిమా అది. చెప్పొద్దూ, నేనూ బోలెడాశతోనే చూశాను.

దీన్ని 'ఇండీ' సినిమా అంటారు. ఇండిపెండెంట్ అనే మాటకి ముద్దుపేరు. హాలీవుడ్ పెద్ద స్టూడియోల డబ్బూ, వాళ్ళ అజమాయిషీ లేకుండా అప్పోసప్పో చేసి తీసుకునే సినిమా అన్నమాట. ఇలాంటి వాళ్ళకి ఆసరాగా 1981లో నటుడు రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ సన్‌డాన్స్ అనే సంస్థ పెట్టాడు. యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ అనే కొండ ఊళ్ళో ఏళ్ళ తరబడి జరిగిన చిత్రోత్సవం తర్వాత్తర్వాత ఆ సంస్థ చేతికే వచ్చింది. 1989లో స్టీవెన్ సోడర్‌బర్గ్ అనే ఇరవయ్యారేళ్ళ కుర్రాడి సినిమా అక్కడ ప్రేక్షకుల బహుమతి పొంది, ఆ ఏడే కాన్స్‌లో పెద్ద బహుమతి కూడా కొట్టేసింది. ఇంకేముంది! పెద్ద కంపెనీల వాళ్ళు చెక్కుబుక్కులు పట్టుకుని కొండెక్కారు.

'గార్డెన్ స్టేట్' కూడా అక్కడే అమ్ముడుపోయింది. టీవీ నటుడు జాక్ బ్రాఫ్ తనే రాసి, తనే తీసి, తనే హీరో వేశాడు. ఖర్చు పాతిక లక్షల డాలర్లు. మిరామాక్స్, ఫాక్స్ సెర్చ్‌లైట్ కలిసి కొన్నాయి. వసూళ్ళు సుమారు మూడున్నర కోట్లు. అతను ఏరి కూర్చిన పాటల ఆల్బమ్‌కి గ్రామీ బహుమతి కూడా వచ్చింది.

ఇంతకీ కథ ఏమిటంటారా? మందులు మింగీ మింగీ మనసు మొద్దుబారిన అబ్బాయి, తల్లి పోయిందని తెలిసి తొమ్మిదేళ్ళ తర్వాత సొంత ఊరు వస్తాడు. గోడకి అంటించిన పూల కాగితం ఏ డిజైనో, వాడి చొక్కా కూడా అదే డిజైను! ఆ గోడ ముందే నిలబడతాడు. స్నేహితుల్లో ఒకడు గోతులు తవ్వే కాటికాపరి, ఇంకొకడు చప్పుడు చెయ్యని వెల్క్రో కనిపెట్టి కోటీశ్వరుడైనవాడు. ప్రతి సీనులోనూ ఒక వింత ఉండాల్సిందే. తల్లి పోయిన దుఃఖానికి మాత్రం చోటు తక్కువ.

డాక్టరు దగ్గర వేచివుండే గదిలో వాడికి సామ్ అనే అమ్మాయి కనిపిస్తుంది. వేసింది నటాలీ పోర్ట్‌మన్. హెడ్‌ఫోన్లు తీసి వాడి చెవులకి పెట్టి పాట వినిపిస్తుంది. గలగలా మాట్లాడుతుంది, అబద్ధాలాడుతుంది, లోకంలో ఎవరూ చెయ్యని చేష్టలు చేస్తుంది. అన్నీ వాడు నవ్వడానికే, వాడు ఏడవడానికే, వాడు బాగుపడడానికే.

ఆ పిల్లకి మూర్ఛ జబ్బు. లా ఆఫీసులో ఉద్యోగం చేస్తుండగా ఒకసారి మూర్ఛ వస్తే, తలకి హెల్మెట్ పెట్టుకుంటేనే గాని ఇన్సూరెన్సు వర్తించదన్నారట. ఈ మాట నవ్వుతాలుగా చెబుతుంది. సినిమా కూడా నవ్వేసి ముందుకి పోతుంది. నాకు మాత్రం మనసు అక్కడే ఆగిపోయింది. నలుగురి మధ్యా హెల్మెట్‌తో కూర్చుని పనిచేసే ఆడపిల్ల! పక్క బల్లవాళ్ళు ఎలా చూసుంటారు? అసలు కథ అక్కడుంటే, కెమెరా చొక్కా వంక చూస్తోంది.

మరి పాత సినిమాలు? 1940లో వచ్చిన 'హిజ్ గర్ల్ ఫ్రైడే' పక్కా స్టూడియో సరుకు. మూలం 1928 నాటి నాటకం. అందులో మగవాడుగా ఉన్న విలేఖరిని దర్శకుడు హోవార్డ్ హాక్స్ ఆడదాన్ని చేశాడు. ఆ హిల్డీ పాత్రలో రోజలిండ్ రస్సెల్, ఆవిడ మాజీ మొగుడైన ఎడిటర్‌గా కేరీ గ్రాంట్. అతను ఒకటంటే ఆవిడ రెండంటుంది. చేతిలో పని, ఆ పనిలో పేరు, నోట్లో సొంత మాట. స్టూడియో గొలుసుల్లో ఉన్న ఆ రోజుల్లో దొరికిన ఆడది, స్వేచ్ఛ వచ్చాక ఎటు పోయినట్టు?

ఈ సందేహం నా ఒక్కదానికే కాదు. 2007లో నేథన్ రాబిన్ అనే విమర్శకుడు 'ఎలిజబెత్‌టౌన్' సినిమా గురించి రాస్తూ ఇలాంటి పాత్రలకి 'మానిక్ పిక్సీ డ్రీమ్ గర్ల్' అని పేరు పెట్టాడు. దిగులు మొహం మగాడికి బతుకు నేర్పడానికే పుట్టిన గంతులేసే కలల పిల్ల అని భావం. ఆ పేరు ఎంత పాకిందంటే, కాస్త వింతగా ఉన్న ప్రతి ఆడపాత్రకీ అంటించేశారు. చివరికి 2014లో ఆయనే, ఆ మాట పుట్టించినందుకు క్షమించమన్నాడు.

అసలైన జవాబు మాత్రం ఒక ఆడమనిషి చెప్పింది. జోయీ కజాన్ తనే రాసి నటించిన 'రూబీ స్పార్క్స్' 2012లో వచ్చింది. ఒక రచయిత టైపు మిషను మీద తనకి నచ్చిన పిల్లని రాస్తాడు. ఆ పిల్ల ప్రాణంతో ఇంట్లో ప్రత్యక్షమవుతుంది! తనకంటూ నాలుగు స్నేహాలు చేసుకోబోయేసరికి, మళ్ళీ టైపు కొట్టి మార్చేస్తాడు. చూస్తున్న మనకి నవ్వు కాస్తా ఆగిపోతుంది. ఇదీ ఇండీ సినిమాయే. కాబట్టి తప్పు చిన్న సినిమాది కాదు, కొత్తదనంది అంతకన్నా కాదు.

ఆ హెల్మెట్ పిల్ల కథ ఎవరైనా తిన్నగా తీస్తే బావుండును. చొక్కా గోడకి సరిపోకపోయినా సరే, నేను మొదటి ఆటకే వెళ్తాను.