పెరటి తొట్టిలోని నీటి ప్రాణులు

తామరకో, పశువుల దాహానికో పెరట్లో నింపి ఉంచిన సిమెంటు గోలెం, మట్టి తొట్టిలో తమంతట తాము చేరే చిన్న జీవులు. శ్రీకాకుళం జిల్లా హరిశ్చంద్రపురం నుంచి టెక్కలి, పలాస మీదుగా ఉద్దానం కొబ్బరి తోటల దాకా, నీళ్లు కొన్నాళ్లు కదలకుండా నిలిస్తే వీటిలో కొన్ని కనిపిస్తాయి. దోమలు, తూనీగలు ఎగిరొచ్చి గుడ్లు పెడతాయి. నత్తలు, నీటి ఈగలు చెరువు నుంచి తెచ్చిన మొక్క వేళ్లను పట్టుకుని వస్తాయి.

గుర్తుపట్టడానికి రంగును నమ్ముకోకూడదు. కదలిక, ఊపిరి తీసే తీరు చూడాలి. గాజు గ్లాసులో నీళ్లు తీసి వెలుతురుకు పెడితే చాలావరకు తెలిసిపోతుంది.

మెలికలు తిరుగుతూ పైకి వచ్చి, తోక చివరి గొట్టంతో గాలి పీల్చేది దోమ లార్వా. క్యూలెక్స్ గొట్టం పొడుగు; డెంగీని మోసే ఏడిస్‌ది పొట్టి. రెండూ తలకిందులుగా వేలాడతాయి. మలేరియాను మోసే అనాఫిలిస్‌కు గొట్టమే లేదు, నీటి పైపొరకు ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇలాంటి లార్వాల నుంచి పెంచిన దోమ పొట్టలోనే. ఆ పనికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అడుగు మడ్డిలో ఎర్రగా మెలికలు తిరిగేది కుట్టని ఒక రకం ఈగ పిల్ల. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. గాలి తక్కువైన బురదలో బతకడానికి అదే ఆధారం. గెంతుతూ ఈదే చుక్కంత జీవి డాఫ్నియా అనే నీటి ఈగ. కుదుపులతో దూసుకుపోతూ, ఆడదైతే తోకకు రెండు పక్కలా గుడ్ల సంచులు మోసేది సైక్లోప్స్. నారికురుపును మనుషులకు చేర్చింది ఇదే. ఆ జబ్బు భారత్‌లో లేదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

తూనీగ పిల్ల అందవికారంగా ఉంటుంది గానీ తొట్టికి మేలైన కాపలా. మడిచి ఉంచిన కింది పెదవిని చటుక్కున చాచి దోమ లార్వాను పట్టేస్తుంది. నీటి తేలు తోక ముల్లు కాదు, ఊపిరి గొట్టం. అయినా చేత్తో పట్టుకుంటే నోటితో పొడుస్తుంది. వెల్లకిలా ఈదే పురుగుదీ అదే గుణం.

దోమ లార్వాలు కనబడగానే తొట్టంతా గుమ్మరిస్తే తూనీగ పిల్లలూ పోతాయి. మొక్కల తొట్టిలో లార్వాలను వలగుడ్డతో తీసేస్తే సరిపోతుంది. వాడుక నీళ్ల గోలేన్ని మాత్రం వారానికోసారి ఖాళీ చేసి, గోడలు తోమి ఆరబెట్టాలి. గోడకు అంటిన ఏడిస్ గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి, తోమకుండా నీళ్లు మార్చడం వల్ల ప్రయోజనం తక్కువ.