ప్రవాసమున సంతానపాలనము: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పద్మశాలీయుల శుభకార్యములు, బంధువుల రాకపోకలు

మన వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు కులచరిత్రమును గుఱించి ఒక వ్యాసము వ్రాయవలసినదని సంఘపు పెద్దలు కోరియున్నారు. మార్కండేయ మహర్షి, భావనాఋషి మొదలగు మన మూలపురుషుల వృత్తాంతమును పూర్వమే పలువురు పండితులు వ్రాసియున్నారు. నేను వ్రాయబూనినది అంత ఘనమైన విషయము కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి జీవనోపాధికై పరస్థలములకు వెడలిన మన కుటుంబములు బిడ్డల నెట్లు పెంచినవి, ఆ బిడ్డల శుభకార్యములకు బంధువు లెట్లు వచ్చిరి, ఎట్లు రాలేకపోయిరి అనునదియే దీని విషయము. ఇది ఇంటింటి చరిత్రము. ఇంటింటి చరిత్రములే కూడి కులచరిత్ర మగుచున్నవి గదా!

సంస్కృతమున "తన్" అను ధాతువునకు సాగుట, విస్తరించుట అని అర్థము. తంతువు, తంత్రము, సంతతి, సంతానము అను శబ్దము లన్నియు ఈ ధాతువునుండియే పుట్టినవి. నేతగానికి తంతువాయుడని పేరు. ఇక బంధువనగా కట్టి యుంచువాడు. పడుగు ఎంత పొడవు సాగినను, నాడె ఇటునుండి అటు, అటునుండి ఇటు పోవుచు పేకను నింపనిదే వస్త్రము కానేరదు. తరములు పడుగు వంటివి. బంధువుల రాకపోకలు పేక వంటివి. ధనము పంపినంతమాత్రమున బిడ్డలు వంశమున నిలువరు, పెద్దలు ఎదుట నుండి జరిపిన శుభకార్యములవలననే నిలుతురు అని మన వలసల చరిత్రము తెలుపుచున్నది.

మన ప్రాంతమున ప్రతి శుభకార్యమునకును ఒక్కొక్క బంధువు అధికారి. తొలికాన్పు తల్లిగారింట జరుగవలెను. ఇరువదియొకటవ దినమున బిడ్డను తొట్టెలలో వేయునపుడు మేనత్త పేరు పెట్టవలెను. పుట్టువెంట్రుకలు తీయించునపుడు మేనమామ బిడ్డను తొడపై కూర్చుండబెట్టుకొని తొలి కత్తెర వేయవలెను. వేములవాడ రాజరాజేశ్వరస్వామికి కోడెమ్రొక్కు చెల్లించి కొందఱును, కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిని కొందఱును, ధర్మపురి నరసింహస్వామి సన్నిధిని గోదావరీస్నానముతో కొందఱును ఈ కార్యమును నెఱవేర్తురు. అత్తవారింటికి పోయిన ఆడబిడ్డను తల్లిగారు పిలిచి ఒడిబియ్యము పోయుదురు. ధనము పెట్టి పురోహితుని, వంటవానిని పిలిపించుకొనవచ్చును గాని, మేనమామను, మేనత్తను కొనలేము. వలసపోయినవారికి వచ్చిన మొదటి చిక్కు ఇదియే.

మనవారి పెద్ద వలసలలో మొదటిది షోలాపురము, బొంబాయి దిక్కునకు జరిగినది. మిల్లుబట్ట వచ్చి చేనేతకు గిరాకి తగ్గినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమున ఘోరమైన కఱవు సంభవించినది. 1874 లో హైదరాబాదునుండి వాడికి రైలుమార్గము ఏర్పడి బొంబాయి మార్గముతో కలిసెను. 1877 లో షోలాపురమున నూలు, నేత మిల్లు వెలసెను. ఈ కారణములచేత తెలంగాణపు నేతగాండ్రు తండోపతండములుగా ఆ పట్టణము చేరిరి. బొంబాయిలో కామాఠిపుర మను పేటకు ఆ పేరు తెలుగు నాటినుండి పోయిన కూలివారినిబట్టియే వచ్చినది. తరువాతి కాలమున భీవండిలో మరమగ్గములు పెరుగగా అచట పద్మానగర మను తెలుగుపేట ఏర్పడినది.

వీరు బిడ్డల పెంపకమున మనకు నేర్పు పాఠ మేమి? వీ రెవ్వరును ఒంటిగా పోలేదు. మొదట ఒకడు పోయి మగ్గము సంపాదించుకొనును. పిమ్మట తమ్ముని, బావమఱదిని పిలిపించుకొనును. తుదకు ఒక వీథి అంతయు చుట్టములతో నిండును. కావున తొట్టెల కార్యమునకు మేనత్త ప్రక్కయింటనే దొఱకెను. షోలాపురమున మార్కండేయ దేవాలయమును నిలుపుకొని, శ్రావణపూర్ణిమ నాడు రథోత్సవము జరుపుచున్నారు. తెలుగు మాధ్యమముగల పాఠశాలలు నడపిరి. ఆ గడ్డపై పెరిగిన బిడ్డలు ఊరి పెద్దలు కూడ నైరి. గంగాధర కూచన్ గారు 1980, 1984 ఎన్నికలలోను, ధర్మణ్ణ సాదుల్ గారు 1989, 1991 ఎన్నికలలోను షోలాపురమునుండి లోకసభకు ఎన్నికైరి. మరాఠీలో చదివి వ్రాయుచున్నను ఇంట తెలుగు మాటాడు కుటుంబములు నేటికిని అచట కలవు. సిరిసిల్ల పిల్లను షోలాపురమునకును, భీవండి పిల్లను కోరుట్లకును ఇచ్చి పుచ్చుకొనుట దీనికి ముఖ్యకారణము. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డ తల్లిగారింటికి వచ్చునపుడు, ఆమె వెంట వచ్చు బిడ్డలు పుస్తకము లేకయే తెలుగు నేర్చుకొనిరి.

ఈ రాకపోకల విలువ కష్టకాలమున తేటపడెను. 1982 జనవరి 18 వ తేదీన దత్తా సామంత్ గారి నాయకత్వమున బొంబాయి మిల్లులలో సమ్మె మొదలయ్యెను. సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు అందు పాల్గొనిరి. పెక్కు మిల్లులు మఱల తెఱువబడలేదు. పని పోయినవారిలో కొందఱు భీవండి చేరిరి, కొందఱు స్వస్థలమునకు మఱలిరి. ఊరి పెండ్లిండ్లకు, కర్మలకు వచ్చుచు పోవుచు నుండినవారికి అన్నదమ్ముల యింట చోటును, సాంచెలపై పనియు దొఱకినవి. ఎన్నడును రానివారు తమ ఊర తామే క్రొత్తవారైరి. సిరిసిల్లలో మరమగ్గములు వృద్ధి పొందుటకు పరస్థలములందు ఆ పని నేర్చి మఱలివచ్చినవారే చాలవఱకు తోడ్పడిరి.

రెండవ వలస గల్ఫు దేశములకు. 1973 లో చమురు ధర పెరిగిన తరువాత ఆ దేశములందు కట్టడపు పనులు విస్తరించినవి. మగ్గము గిట్టక మనవారును, వాన కురియక రైతులును దుబాయి, మస్కటు, సౌదీ, బహ్రెయిన్, కువైటులకు పోయిరి. 1983 లో భారతప్రభుత్వము వలసల చట్టము చేసెను. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు ఇట్టి దేశములకు పనికి పోవుటకు ప్రత్యేకానుమతి పొందవలెను.

షోలాపురమునకు పోయినవాడు ఆలుబిడ్డలను వెంట గొనిపోయెను. గల్ఫునకు పోయిన కూలివానికి అది సాధ్యము కాదు. సంయుక్త అరబ్బు ఎమిరేట్సులో 2019 లో ఏర్పఱచిన నియమము ప్రకారము, నెలకు 4,000 దిర్హములుగాని, వసతితోగూడ 3,000 దిర్హములుగాని జీతము గలవాడే కుటుంబమును పిలిపించుకొనవచ్చును. ఒక్క గదిలో పలువురు నిద్రించు శిబిరవాసికి ఆ జీత మెక్కడిది? కావున బిడ్డ ఇచట, తండ్రి అచట. నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున తండ్రి సంతకము చేయవలసిన చోట తాతయో, తల్లియో వ్రేలిముద్ర వేసిన పత్రము లెన్నియో చూచితిని. పుట్టువెంట్రుకలు తండ్రి సెలవునకై మూడవ యేడో, అయిదవ యేడో వఱకు ఆగును. పెండ్లి ముహూర్తమును పంచాంగమునకంటె ముందు విమానపు టిక్కెట్టు నిర్ణయించును. రెండేండ్లకు వచ్చిన తండ్రిని చూచి పసివాడు నాయనమ్మ కొంగు చాటున దాగును. పూర్వము ఉత్తరములు, మాటలు నింపిన క్యాసెట్లు వచ్చుచుండెను. నేడు ఫోనులో ముఖము కనబడుచున్నది. అక్షింతలు వేయు చేయి మాత్రము ఆ ఫోనునుండి రాదు.

వీరిలోను మిక్కిలి దీనులు, మనవారు "ఖల్లివెల్లి" యని పిలుచు పత్రములు లేని కార్మికులు. వీసా గడువు తీఱి, అప్పు తీఱక, బయటపడిన శిక్ష యను భయముతో ఏండ్లకేండ్లు దాగియుందురు. ఆ ఎమిరేట్సు ప్రభుత్వము 2007 లోను, 2018 లోను, 2024 లోను క్షమాభిక్ష ప్రకటించినపుడు ఇట్టివారికి ఇల్లు చేరు దారి దొఱకినది. అంతలో కూతురి పెండ్లియు, తల్లి కర్మయు ముగిసిపోయినవారు కలరు.

మూడవ వలస చదువుకొన్న యువకులది. అమెరికా, కెనడా మున్నగు దేశములకు. ఇచట తల్లిదండ్రులు, బిడ్డలు ఒక్కచోటనే యుందురు. దూరమైనవారు తాత, అమ్మమ్మ, నాయనమ్మలు. తొలికాన్పునకు కూతురు తల్లిగారింటికి వచ్చుట మన ఆచారము. నేడు తల్లిగారిల్లే కూతురి యొద్దకు పోవుచున్నది. అమెరికాలో సందర్శకునకు సామాన్యముగా ఒక్కమాఱునకు ఆఱు మాసముల గడువు. కెనడా ప్రభుత్వము 2011 లో తాతముత్తవలకై ప్రత్యేకమైన వీసా నేర్పఱచి, 2022 లో ఒక్కమాఱు అయిదేండ్లుండుటకు వీలు కల్పించెను. అచటి పౌరులుగా పుట్టిన మన మనుమలు మన ఊరికి వచ్చుటకు మన దేశపు అనుమతి కావలెను. 2005 లో వచ్చిన ప్రవాసభారతీయ పౌర కార్డు ఆ చిక్కును కొంత తీర్చినది. 2020 మార్చిలో నిలిచిన నియతమైన అంతర్జాతీయ విమానములు 2022 మార్చి వఱకు మఱల సాగలేదు. ఆ రెండేండ్లలో పుట్టిన పిల్లలలో పలువురు నడక నేర్చిన పిమ్మటనే తాతను చూచిరి.

ఈ మూడు వలసలను పోల్చిచూడుడు. షోలాపురమువారికి ధనము తక్కువ, బంధువు లెక్కువ. నాలుగు తరములైనను పోగు తెగలేదు. అమెరికావారికి ధనమున్నది, పెద్దలు అతిథులైరి. గల్ఫు కూలివానికి ధనమును స్వల్పము, తండ్రియు దూరము. ఇట్లుండ మనము చేయుచున్న దేమి? తండ్రి లేని లోటును ఆడంబరముతో పూడ్చబూనుచున్నాము. ధోతుల వేడుకకు, ఓణీల వేడుకకు వందలమందిని పిలిచి, ఆ అప్పు తీర్చుటకు తండ్రిని మఱి రెండేం డ్లచట ఉంచుచున్నాము. బిడ్డను గొప్ప చేయుటకై చేసిన కార్యమే బిడ్డకు తండ్రిని దూరము చేయుచున్నది. ఇంతకన్న విపరీత మేమున్నది?

కావున సభవారి యెదుట మూడు మనవులు. మొదటిది, ఇంటిపేరు, గోత్రము, వలసపోయిన ఊరు, నేటి వారసులు అను వివరములతో ఒక కుటుంబ పట్టిక ప్రతి గ్రామమునను వ్రాయింపవలెను. పూర్వము కూనపులివారు పటము విప్పి ఇంటింట మార్కండేయ పురాణము చెప్పి కులస్మృతిని నిలిపిరి. నే డా పని మనమే చేయవలెను. రెండవది, పరదేశమునుండి వచ్చిన పిల్లలను మూడు వారములలో నలువది యిండ్లు త్రిప్పుట మాని, ఒక్క యింట తాత దగ్గఱ ఉంచవలెను. కండె చుట్టుట, కథ వినుట, పెద్దలను వరుస పెట్టి పిలుచుట అట్లుగాని రావు. మూడవది, గల్ఫు కార్మికుల యింట శుభకార్యము జరుగునపుడు సంఘపు పెద్ద లిద్దఱు తప్పక పోయి, పెదనాయన, చిన్నాయనల స్థానమున నిలిచి, వ్యయమును అదుపున పెట్టి జరిపింపవలెను. దాతలు విందులకు ఇచ్చు ధనములో కొంత ఆ కార్మికుల మఱలిరాకకు వినియోగించిన మిక్కిలి పుణ్యము.

మగ్గముపై పోగు తెగినపుడు నేతగాడు పనిని ఆపి, పోగు నతికి, మఱల నేయును. తెగినదని మగ్గమును విడువడు. ఏయే యిండ్ల పోగులు తెగియున్నవో మన ఊళ్లలోని వారికి తెలియును. అతుకుట మన చేతిలోని పనియే. కులబాంధవు లందఱు ఈ కార్యమునకు పూనుకొందురుగాక.